బసవమ్మ జతల లెక్క

బేరిగైలో మా పక్కింటి బసవమ్మ ఈతాకు చాపలు అల్లేది. బడి మొహం ఆమె ఎప్పుడూ చూడలేదు. సాయంత్రం వీధి పిల్లలు ఆమె ఇంటి తిన్నె మీదికి చేరితే, చేతికి ఆకులిచ్చి, రెండు పైకి, రెండు కిందికి అని అల్లిస్తూ ఎక్కాలు నేర్పేది. మధ్యలో రంగు వేసిన ఆకు పెట్టడానికి ఇంకెన్ని వరసలు అల్లాలో పిల్లలే చెప్పాలి. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నేను పక్కన కూర్చుని ఆకులు చీల్చి ఇచ్చేదాన్ని.

2001లో మా వీధి తిమ్మరాయప్ప, ఆ తిన్నె మీదికి వచ్చే తన కూతురు పవిత్రను తళి ఊళ్లో గులాబీలు పెంచే షెడ్ల పనికి పంపాలనుకున్నాడు. ఆ పిల్ల అప్పుడు ఐదో తరగతి. లెక్క రాని పిల్లకు బడి ఎందుకని అతని వాదన. లెక్క వస్తుందని బసవమ్మ అంది. అయితే తానే అడిగి చూస్తానని ఒక సాయంత్రం తిన్నె ముందు నిలబడ్డాడు. నన్ను బడి మాన్పించిన రోజు మా నాయన కూడా వాకిట్లో ఇలాగే నిలబడ్డాడు.

"నూరు పువ్వులు. కట్టకు ఇరవై. ఎన్ని కట్టలమ్మా?"

పవిత్ర వేళ్లు ఒళ్లోని అల్లిక మీద కదిలాయి. "రెండున్నర."

అతను నవ్వలేదు. "చూస్తివా బసవమ్మా? రేపు పొద్దున షెడ్డు వ్యాన్ వస్తాది. పంపిచ్చేస్తా."

తప్పెక్కడో బసవమ్మకూ నాకూ ఒకేసారి తెలిసింది. అల్లేవాళ్లు ఆకుల్ని జతలుగానే ఎంచుతారు. మా తిన్నె మీద ఇరవై ఆకుల కట్టంటే ఇరవై జతలు, అంటే నలభై ఆకులు. మగవాళ్ల ముందు తలెత్తని బసవమ్మ లేచి నిలబడింది.

"తప్పు నాదప్పా. మేము జతల్లో ఎంచుతాము, బిడ్డ కూడా అట్లే ఎంచింది. పువ్వులు ఒక్కొక్కటిగా ఎంచమని చెప్పు."

చెప్పకముందే పవిత్ర ఐదు అంది.

ఇంత వస్తే చాలని, షెడ్లో కట్టలు ఎంచే పనికే పెట్టుకుంటారని తిమ్మరాయప్ప అన్నాడు. లెక్క వచ్చినా పోవాల్సిందేనన్న భయం నాకు అంతవరకూ తట్టలేదు.

"చాపల కాడనే ఇంత నేర్చింది. ఇంకా చదివితే యాడిదాకా పోతాదో చూడాలని లేదా నీకు?" అంది బసవమ్మ. అతను కూతుర్ని తీసుకుపోయాడు.

పొద్దున వీధి మలుపులో వ్యాన్ హారన్ కొట్టింది. బసవమ్మా నేనూ ఆమె ఇంటి తలుపు సందులోంచి చూశాం. తిమ్మరాయప్ప పవిత్ర చేయి పట్టుకుని నిలబడ్డాడు. లోపలున్న పిల్లలు జరిగి చోటిచ్చారు. మళ్లీ హారన్. అతను చేయి వదలలేదు. వ్యాన్ కదిలిపోయింది.

తర్వాత పిల్లను బసవమ్మ తిన్నె దగ్గరికి తెచ్చాడు.

"ఈ ఏడాది బడికి పంపి చూస్తా," అన్నాడు.

వచ్చే ఏడాది మాట ఎత్తకుండా బసవమ్మ జరిగి ఆ పిల్లకు తిన్నె మీద చోటిచ్చింది.