అడగకముందే ఇష్టపడిన అమ్మాయిలు

ఆ రోజుల్లో కంప్యూటరుకు అబద్ధం చెప్పడం చేతకాదని నమ్మేదాన్ని. మనం చెప్పించవచ్చని ప్రొద్దుటూరులో నా మొదటి ఉద్యోగం నేర్పింది. బట్టల అంగడి మీది మేడగదిలో పెళ్లిసంబంధాల వెబ్‌సైటు ఆఫీసు. యజమానిని అందరూ సంబంధాల మామ అనేవాళ్లు. (కాలినడకన ఊళ్లు తిరిగి పెళ్లిళ్లు కుదిర్చిన మనిషి, కంప్యూటరును కూడా మొండి పెండ్లికొడుకులాగే బుజ్జగించేవాడు.) ప్రోగ్రాములు రాసేది నేనొక్కదాన్నే. సైటు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మొదట్లో నా ఫోటో, నా వివరాలే ఎక్కించి, తీసేయడం మరిచిపోయాను.

అబ్బాయి తరఫువాళ్లు పంపిన ప్రతి సంబంధం పక్కనా అమ్మాయికి ఇష్టమో కాదో కనిపించాలని మామ ముచ్చటపడ్డాడు. సరేనని డేటాబేసులో 'ఇష్టం' అనే కాలమ్ చేర్చబోయాను. ప్రోగ్రాములు రాయడానికి మేం వాడే ఫ్రేమ్‌వర్కుకు ఒక మంచి అలవాటుంది. ఇంతకుముందే ఉన్న సంబంధాలకు ఈ గడిలో ఏం నింపమంటావని ఆగి అడుగుతుంది. ఎవరూ ఏమీ చెప్పనప్పుడు అనుకోవలసిన ఆ జవాబునే డిఫాల్టు అంటారు. నేను మామను అడిగాను.

"ఇష్టమే అని పెట్టు పాపా."

"వాళ్లను అడగల్యా గదా మామా."

"ఇష్టం ల్యాదని పెడితే మన సైటు ఎవురు చూస్తారు? ఆడపిల్ల నోరు తెరిచి కాదనకపోతే సరే అన్నట్టే. ఇన్నేండ్లుగా నేను చేస్తాండేది అదే."

ప్రోగ్రాములో డిఫాల్టు 'ట్రూ', అంటే అవును, అని రాసి, పాతవాటికీ అదే నింపాను. ఆ క్షణాన మా సైటులోని ఆడపిల్లలంతా, నాతో సహా, అడిగినవాళ్లందరినీ ఇష్టపడ్డారు.

ఆదివారం పొద్దున జమ్మలమడుగులో మా ఇంటి ముందు కారు ఆగింది. పులివెందుల నుంచి ఒక అబ్బాయి, వాళ్లమ్మ, గోతం నిండా తోటలో కోసిన చీనీకాయలు. "మీ పాప ఇష్టమని చెప్పిందన్నా, ఫోన్లో వచ్చింది," అందామె మా నాయనతో. (నాయన బడిపంతులు. కాపీ కొట్టినవాళ్లను చూసే చూపు నాకోసం కూడా ఒకటి దాచి ఉంచాడని అప్పుడే తెలిసింది.)

"ఎవురిని అడిగి చెప్పినావే?"

"నేను చెప్పల్యా నాయనా. డిఫాల్టు చెప్పింది."

"వాడెవుడు మధ్యలో?"

అంతా వివరించాను. నాయనకు ఎక్కలేదు. "ఇంత దూరం వచ్చినారు. మాట ఇచ్చినట్టే గదా," అన్నాడు. ఒక్క ఎంటర్ కొట్టి నా పెళ్లి నేనే చేసేసుకున్నట్టుంది.

అబ్బాయి నా వైపు తిరిగి అడిగాడు. "అంటే మిమ్మల్ని ఇంకా ఎవురూ అడగల్యా?"

"లేదు."

"ఆ గడి ఖాళీగా పెట్టేకి కాదా?"

"అవుతుంది."

"అయితే ముందు ఖాళీ చేయండి. లేయ్‌మా, పోదాం."

"మరి చీనీకాయలో?" అంది వాళ్లమ్మ.

"అవి ఇచ్చేసినాం గదమ్మా."

సోమవారం మామతో పోట్లాడి అందరి గడులూ ఖాళీ చేశాను. ఆ సాయంత్రమే పులివెందుల నుంచి మళ్లీ అదే సంబంధం వచ్చింది. ఈసారి సైటు నన్నే అడిగింది. వేసవి అంతా జవాబివ్వలేదు. ఆ అబ్బాయి ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు. (నాయన మాత్రం ప్రతి ఆదివారం "యాడికొచ్చె నీ డిఫాల్టు?" అనేవాడు.) వానలు పడ్డాక 'ఇష్టం' నొక్కాను.

మా ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు కొత్త కాలమ్ చేర్చేటప్పుడు డిఫాల్టు ఏం పెట్టమంటారని అడుగుతారు. ఖాళీగా ఉంచి మనుషులను అడగమంటాను. నాది చాదస్తమని నవ్వుకుంటారు. నాకూ నవ్వే వస్తుంది. మొన్న ఒక పిల్ల, "ఒక్కొక్కరినీ అడుగుతా కూచుంటే శానా ఆలస్యమైతాది మేడం," అంది.

"అవుతుందమ్మా," అన్నాను. "కానీలే."