గోడలో నాలుగు వందల వాట్లు

ఆ కుట్టు కార్ఖానాలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అక్కడి కరెంటు పనులన్నీ ఆవిడవే, చేతిలో ఎప్పుడూ వోల్టులు కొలిచే మీటరు ఉంటుంది కనుక మీటరమ్మ. మోటార్లు చుట్టే తండ్రి దగ్గర పనీ, లెక్కా, మాటకు మాట అప్పజెప్పే అలవాటూ మూడూ నేర్చుకుంది.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే మేనకోడలు వచ్చింది. "అత్తా, వారం నుంచీ పెట్టెలు సరిగ్గా వేడెక్కట్లేదు. ముడతలు పోవట్లేదని సూపర్‌వైజరు నా ప్రాణం తీస్తున్నాడు."

మీటరమ్మ మెయిన్ బోర్డు దగ్గర చూసింది. రెండు వందల ముప్పై వోల్టులు. ఇస్త్రీ బల్ల ప్లగ్గులో రెండు వందల ఏడే. తీగలో పారుతున్నది ఇరవై ఆంపియర్లు. అట్టముక్క మీద లెక్క వేసింది. దారిలో పోతున్నవి ఇరవై మూడు వోల్టులు. అంత లావు తీగ తినేది మహా అయితే మూడు. మిగతా ఇరవై ఎక్కడో ఒక్క చోటే పోతున్నాయి. ఇరవై వోల్టుల్ని ఇరవై ఆంపియర్లతో భాగిస్తే నిరోధం ఒక్క ఓమ్. చూడ్డానికి ఎంత చిన్న అంకె! కానీ ఇరవైని ఇరవైతో గుణిస్తే నాలుగు వందల వాట్లు.

అదంతా వేడే. తీగ వెళ్లేది చెక్క పలకల వెనక నుంచి. ఆ పలకలకు ఆనించి పైకప్పు దాకా బట్ట తానులు. అరచెయ్యి పలకల మీద జరుపుకుంటూ పోయింది. మూడో కిటికీ పక్కన చురుక్కుమంది. చెయ్యి లాక్కుంది.

వెళ్లి మెయిన్ ఆపేసింది. మిషన్లన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. యజమాని గదిలోంచి ఊడిపడ్డాడు.

"ఎవరు ఆపమన్నారు?"

"గోడలో అతుకు వదులైంది సార్. అక్కడ నాలుగు వందల వాట్ల వేడి పుడుతోంది. పలకలు విప్పాలి."

"ఫ్యూజు పోలేదుగా?"

"ఫ్యూజుకు ఆంపియర్లే తెలుసు సార్. అవి పెరగలేదు. వేడి సంగతి దానికేం తెలుసు?"

పక్కనున్న సూపర్‌వైజరు కిసుక్కున నవ్వాడు. యజమాని మెయిన్ తనే వేసి, బోర్డుకు తాళం పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "సాయంత్రం సరుకు వెళ్లాలి. రేపు చూద్దాం."

ఆవిడ హాలు మధ్యకు వెళ్లి గొంతెత్తింది. "అమ్మాయిలూ, ఉన్నవాళ్లు ఉన్నట్టు బయటికి నడవండి. తిట్లు నేను తింటాను." మేనకోడలు ముందు లేచింది; ఇస్త్రీ పెట్టెలు మాత్రం సూపర్‌వైజరు ఆపనివ్వలేదు. ఆమె వెనకే ఒకరొకరుగా ముప్ఫైమందీ వీధిలోకి వచ్చారు. వాళ్లను తిడుతూ యజమానీ వచ్చాడు.

పావుగంట గడిచింది. "చూశావా, ఏమన్నా అయిందా?" అని అతను అంటూండగానే మూడో కిటికీ అద్దం టప్పున పగిలింది. ముందు నల్లటి పొగ, ఆ తర్వాత మంట. తానులు ఒకదాన్నొకటి అంటించుకున్నాయి.

మేనకోడలు తలలు లెక్కపెట్టింది. "అత్తా, సూపర్‌వైజరు లేడు!" కాసేపటికి అతను వెనక తలుపులోంచి దగ్గుతూ, కాలిన చేత్తో బయటపడ్డాడు. ఆవిడ వంక చూడలేకపోయాడు.

ఆ కార్ఖానా మళ్లీ తెరుచుకోలేదు. పని పోయినవాళ్లలో కొందరు ఆవిడకు దండం పెట్టారు. ఇంకొందరు ఆవిడ పాడు నోటి వల్లే అలా జరిగిందన్నారు. మాటకు మాట అప్పజెప్పే మనిషి, ఎవరికీ బదులు చెప్పలేదు.