ఇటలీలో తొమ్మిది రాత్రులు: అక్క ఊరికి ఎన్ని?

ఇటలీ ప్రయాణం అనుకోగానే ఎవరికైనా మొదట వచ్చే తలనొప్పి ఒకటే. రోమ్‌కు ఎన్ని రోజులు, ఫ్లోరెన్స్‌కు ఎన్ని, వెనిస్‌కు ఎన్ని? హనుమకొండలో మా ఇంట్లో దీని మీద రెండు నెలలు వాదులాట నడిచింది. మా ఆయన ప్రకాశ్ జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. ఆయన చేతిలో సెలవులు కూడా సిలబస్ లాగే ఉంటాయి. వీసా కోసం ప్రతి రాత్రీ ఎక్కడ పడుకుంటామో కాగితం చూపించాలి కాబట్టి, ఇంట్లోంచి కాలు బయట పెట్టకముందే తొమ్మిది రాత్రులూ పంచేశారు. రోమ్‌కు మూడు, ఫ్లోరెన్స్‌కు మూడు, వెనిస్‌కు రెండు. మిగిలిన ఒక్క రాత్రి మా అక్కకు.

అక్క పేరు సుగుణ. ఇరవై రెండేళ్ల కింద సిస్టర్‌గా ఇటలీ వెళ్లింది. అస్సీసీకి అరగంట దూరంలో, కొండ మీది ఒక చిన్న ఊళ్లో వాళ్ల కాన్వెంటు నడిపే వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. మేము వర్ధన్నపేట దగ్గరి పల్లెలో పుట్టి పెరిగాం. మూడు తరాలుగా క్రైస్తవులం, ఇంటికొకరిని సభకు, అంటే చర్చి సేవకు, ఇవ్వడం మాకు గొప్పే. అయితే ఇచ్చేసిన మనిషి ఐదారేళ్లకోసారి నెల రోజులు వచ్చి పోతుంది, అంతే. నాలుగేళ్ల కింద అమ్మ పోయినప్పుడు అక్క రాలేకపోయింది. ఆ తర్వాత మేమిద్దరం కలవడం ఇదే మొదటిసారి.

ఇక్కడ ఒక విషయం ముందే చెప్పేస్తాను. అమ్మ నిద్రలోనే ప్రశాంతంగా పోయిందని ఆ రోజు ఫోన్‌లో అక్కకు చెప్పింది నేను. అది అబద్ధం. అమ్మ పదకొండు రోజులు దవాఖానలో ఉంది. అక్క ఇటలీలో ఉండడానికి ఇచ్చే పర్మిట్ కార్డు అప్పుడు రెన్యువల్‌లో ఉంది, అది చేతికి రాకుండా దేశం దాటితే చిక్కులొస్తాయని అంతకుముందే ఆమె చెప్పింది. డాక్టర్లు రేపోమాపో ఇంటికి పంపిస్తామంటున్నారు, ఊరికే కంగారు పెట్టడమెందుకు అని నేనే అందరి నోళ్లు మూయించాను. అమ్మ ఇంటికి రాలేదు. ఆ మాట అక్కకు ముఖాముఖి చెప్పాలి అని నాలుగేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. ప్రకాశ్ ఒక్క రాత్రి అని రాసినప్పుడు నాకు బాధ కలగలేదు, లోపల కాస్త హాయి అనిపించింది. ఒక్క రాత్రిలో అలాంటి మాటలు ఎవరు మాట్లాడతారు?

వేసవి సెలవుల్లో బయల్దేరాం. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా రోమ్ చేరేసరికి మధ్యాహ్నం. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి నేరుగా వెళ్లే రైలుకు మనిషికి పద్నాలుగు యూరోలు, అరగంట ప్రయాణం. రోమ్‌కు మూడు రాత్రులు సరిగ్గా సరిపోతాయి. ఒక రోజు వాటికన్, ఒక రోజు కొలోసియం చుట్టుపక్కల, ఒక రోజు ఊరికే నడవడం. చర్చిల్లోకి వెళ్లాలంటే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, మన చుడీదార్ కంటే మంచి బట్ట లేదు. నీళ్ల సీసాలు కొనకండి, వీధి వీధికీ చల్లటి నీళ్ల కుళాయిలున్నాయి. ప్రకాశ్ మాత్రం ప్రతి కుళాయి దగ్గరా ఆగి, ఇంకా పదమూడు నిమిషాలు వెనకబడ్డాం అని గడియారం చూపించేవారు.

నాలుగో రోజు పొద్దున తెర్మినీ స్టేషన్ నుంచి ఫోలిన్యోకు రైలెక్కాం. రెండు గంటల లోపు ప్రయాణం, టికెట్టు పన్నెండు యూరోల దాకా. కాగితం టికెట్టు అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీద మెషీన్లో ముద్ర వేయించడం మరిచిపోకండి. స్టేషన్ బయట టాక్సీ పట్టుకుని కాన్వెంటు పేరు చెప్పాం. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి, మీరు సువోర్ సుగుణ తాలూకు వాళ్లా అని అడిగాడు. ఇటలీలో సిస్టర్‌ను సువోర్ అంటారు. చెల్లెలినని చెప్పాను. వాళ్లమ్మ ఆ ఆశ్రమంలోనే ఉందట. వచ్చీరాని ఇంగ్లీషులో, "నేను పెడితే తినదు, మీ అక్క పెడితేనే తింటుంది" అన్నాడు. పాతిక యూరోలు కావాల్సిన చోట పదిహేనే తీసుకున్నాడు. దారి పొడవునా ఆలివ్ తోటలు, గసగసాల ఎర్రపూలు. అవేవీ నాకు ఎక్కలేదు. నాలుగేళ్ల కింద అక్క ఇక్కడ ఇలాగే పరాయి అమ్మలకు తినిపిస్తున్న రోజుల్లోనే మా అమ్మ దవాఖానలో ఉందన్నదే తలలో తిరిగింది.

అక్క గేటు దగ్గరే నిలబడి ఉంది. జుట్టు నెరిసింది, మోకాలు కాస్త కుంటుతోంది. నన్ను పట్టుకుని, "ప్రయాణము సుఖముగా జరిగినదా?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఒక్కరు కూడా లేరు. రోజూ ఆమె నోట పలికే తెలుగంతా ప్రార్థన పుస్తకంలోదే, అందుకే మాటలు అలా వచ్చాయి. సామాను విప్పి సకినాలు, చింతపండు, కారంపొడి, కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానా ఇచ్చాను. అన్నిటికీ "కృతజ్ఞతలు" అంది. సాయంత్రం దాకా ఇద్దరం పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నాం. ఇంకొక్క పూట గడిస్తే చాలు, ఇక ఏమీ చెప్పకుండానే వెళ్లిపోవచ్చు అనుకున్నాను. అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

భోజనం ఏడింటికి. వెలుతురు ఇంకా బాగా ఉంది. కాన్వెంటు పెద్ద, మదర్ సుపీరియర్, డెబ్బై దాటిన ఇటాలియన్ ఆమె, మొహమాటాలు లేని మనిషి. కూర్చోగానే ఎన్ని రాత్రులుంటారని ఇంగ్లీషులో అడిగింది. ప్రకాశ్ చురుగ్గా ఒక వేలు చూపించారు. అక్క చేతిలోని రొట్టె ముక్క ప్లేటులో పెట్టేసింది. మదర్ అక్క వైపు ఒకసారి చూసి, మాతో నెమ్మదిగా చెప్పింది. ఈస్టర్ నుంచి సుగుణ ఒక్క ఆదివారం కూడా సెలవు తీసుకోలేదు, తోటివాళ్ల డ్యూటీలన్నీ తనే చేసింది, ఈ వారంలో మూడు రోజులు ఖాళీ చేసుకోవడానికి.

తప్పు ఎవరిదో ఎలా చెప్పను? మన ఇళ్లలో చుట్టం వస్తానంటే ఎన్ని రోజులుంటావని అడగం. అడిగితే ఎప్పుడు పోతావని అడిగినట్టే. అక్క ఫోన్‌లో ప్రతిసారీ "రండ్రి, మీ ఇల్లే" అంది తప్ప ఆ ప్రశ్న వేయలేదు. మేమూ ఒక్క రాత్రే అని నోరు తెరిచి చెప్పలేదు, చెబితే చిన్నబుచ్చుకుంటుందని. ఇరవై రెండేళ్లు ఇటలీలో ఉన్నా అక్కకు ఆ మర్యాద వదల్లేదు. ఇటాలియన్ ఆమె ఒక్క నిమిషంలో అడిగేసిన దాన్ని మేము రెండు నెలలు అడగకుండా మోశాం.

అక్క పళ్లేలు తీసుకుని కడగడానికి వెళ్లిపోయింది. నేను గదిలోకొచ్చి మంచం మీద కూర్చున్నాను. ప్రకాశ్ ఫోన్ తీసి చాలాసేపు చూసుకుంటుంటే మళ్లీ రైలు టైములే అనుకున్నాను. ఫ్లోరెన్స్ హోటల్‌కు మెసేజ్ పెడుతున్నారట. మూడు రాత్రుల్లో రెండు రద్దు, అందులో ఒకదాని డబ్బులు తిరిగి రావు.

"ఫ్లోరెన్స్ ఏడికీ పోదు రాణీ. మీ అక్కకు మూడు దినాలు మళ్ల ఎప్పుడు దొరుకుతయో" అన్నారు.

ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన వేసిన టైంటేబుల్‌ను ఆయనే చెరపడం అదే మొదటిసారి. ఆ మనిషి మీద నాకున్న ప్రేమ ఆ క్షణంలో రెట్టింపయింది, భయం కూడా. ఇప్పుడు నాకు తప్పించుకునే దారి లేదు.

రెండో రోజు అక్క వెంట ఆశ్రమం వంటింట్లోనే గడిపాను. వంటావిడ పెద్ద గిన్నెలో టమాటా రసం కాస్తుంటే, అక్క పక్క పొయ్యి అడిగి తీసుకుని, మా చింతపండుతో పచ్చిపులుసుకు పోపు పెట్టింది. ఉల్లిగడ్డ పిసుకుతూ పిసుకుతూ ఉండగా ఆమె నోట్లోంచి "జర ఉప్పు ఇటియ్యవే" అని వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వాం. ఇక ఆ తర్వాత ఆగలేదు. తొర్రూరు అంగట్లో నాన్న మాకిద్దరికీ ఒకే తాను గుడ్డ కొన్నది, వాన పడ్డప్పుడు చర్చి రేకుల చప్పుడుకు ఫాదర్ ప్రసంగం ఎవరికీ వినపడకపోయేది, అన్నీ బయటికొచ్చాయి. డ్రైవరు వాళ్లమ్మకు అక్క అన్నం పెట్టడం కూడా ఆ రోజే చూశాను. ఒక్కో చెంచాకూ ఏదో చెప్పి నవ్విస్తోంది. నేను తల తిప్పుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆశ్రమం వెనక తోటలో జంపఖానా పరుచుకుని కూర్చున్నాం. ప్రకాశ్ కావాలనే అస్సీసీ చూసి వస్తానని బస్సెక్కి వెళ్లారు. కాసేపు ఏవేవో మాట్లాడి, అక్క ఉన్నట్టుండి, "అమ్మ పానం పోయేటప్పుడు పక్కన ఎవలున్నరే?" అని అడిగింది. నాలుగేళ్లుగా ఫోన్‌లో ఎప్పుడూ అడగని ప్రశ్న. నేను చెప్పేశాను. పదకొండు రోజులని, నేనే చెప్పనివ్వలేదని. రోజూ సాయంత్రం అమ్మ "పెద్దది వచ్చిందా" అని అడిగేదని, నేను "బయల్దేరింది, దారిలో ఉంది" అని చెప్పేదాన్నని.

"పదకొండు దినాలా?" అంది అక్క. "కార్డు పోతే పోయేది. నేను వస్తుంటి గదనే."

లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. మధ్యలో గంట కొట్టారు, ముసలివాళ్ల టీ టైము. కిటికీలోంచి అక్క అందరికీ కప్పులు అందించడం కనపడుతోంది. ఇక రాదనుకున్నాను. రేపు పొద్దున గేటు దాకా వచ్చి, మళ్లీ ఆ పుస్తకం తెలుగులోనే సాగనంపుతుందనుకున్నాను.

కప్పులన్నీ కడిగి పెట్టాక వచ్చింది. వచ్చి నా పక్కన కూలబడి, నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడుపు ఎత్తుకుంది. మా ఊళ్లో చావు జరిగిన ఇంటికి ఆడబిడ్డ వస్తే అలాగే ఏడుస్తారు. ఒకరినొకరు పట్టుకుని, పోయినవాళ్ల ముచ్చట్లు ఒక్కొక్కటి ఎత్తి, రాగం తీసి ఏడుస్తారు. ఆ ఏడుపు ఒంటరిగా ఏడ్చేది కాదు, ఎదురుగా సొంత మనిషి ఉండాలి. అక్కకు నాలుగేళ్లుగా ఆ మనిషి దొరకలేదు. నేనూ గొంతు కలిపాను. వరండాలో ముసలమ్మలు కుర్చీలు జరుపుకుని మా వైపు తిరిగారు. కాసేపటికి మదర్ ఒక జగ్గు నీళ్లు, రెండు గ్లాసులు తెచ్చి మా పక్కన పెట్టి, ఏమీ అడగకుండా వెళ్లిపోయింది.

ఏడుపు తగ్గాక అక్క కొంగులాంటి తన ముసుగు అంచుతో నా మొహం తుడిచింది. "నాకు చెప్పకపోవుడు తప్పే రాణీ. అది తప్పుగానే ఉంటది" అంది. జగ్గులోంచి గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చి, "అమ్మకు చెప్పింది మాత్రం మంచిదే. నేను తొవ్వల ఉన్ననుకుంటనే పోయింది గద" అంది.

మర్నాడు పొద్దున అదే డ్రైవరు వచ్చి ఫోలిన్యోలో దింపాడు. అక్క స్టేషన్ దాకా వచ్చింది. ఫ్లోరెన్స్ రెండున్నర గంటల దారి. అక్కడ మాకు మిగిలింది ఒక్క రాత్రి. పెద్ద చర్చి గోపురం బయటి నుంచే చూశాం, మ్యూజియంల ముందు క్యూలు చూసి వెనక్కి తిరిగాం. ప్రకాశ్ ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. వెనిస్‌లో రెండు రాత్రులున్నాం, నిజానికి ఒకటి చాలు. మీరు బొమ్మలు, శిల్పాలు ఇష్టపడేవాళ్లయితే ఫ్లోరెన్స్‌కు మూడు పెట్టుకోండి, మా లెక్క మీకు పనికిరాదు.

ఇంటికొచ్చాక అందరూ ఏమేం చూశారని అడుగుతున్నారు. ఫోన్‌లో ఫొటోలు చూపిస్తున్నాను. తోటలో ఆ మధ్యాహ్నానికి ఫొటో లేదు. అక్క నన్ను పూర్తిగా క్షమించిందని చెప్పలేను, తప్పు తప్పుగానే ఉంటుందని ఆమే అంది. కానీ ఇప్పుడు వారం వారం ఫోన్ చేస్తుంది, అమ్మ గురించి అడుగుతుంది, ఆ పదకొండు రోజుల్లో ఒక్కో రోజూ చెప్పించుకుంటుంది. నిన్నటికి ఆరో రోజు దాకా వచ్చాం. ఆ ఒక్క రాత్రే ఉండి వచ్చేసి ఉంటే, నేను అక్క ఊరిని చూసినదాన్నే అయ్యేదాన్ని, అక్కను మాత్రం చూసి ఉండేదాన్ని కాదు.

ఒక్క సలహా. మీరు వెళ్లే దారిలో మీ మనిషి ఉన్న ఊరు ఉంటే, టికెట్లు కొనకముందే ఎన్ని రోజులు ఉండమంటావని మొహమాటం లేకుండా అడగండి. వాళ్లు చెప్పినదానికి ఇంకో రోజు కలిపి బుక్ చేసుకోండి. మొదటి రోజు ఎవరికీ మాట రాదు.