అవ్వకు చెప్పని వాసన

మా అవ్వకు వాసన తెలియదు. ముక్కులో పక్కులు కట్టే జబ్బు ఏళ్ల తరబడి ముదిరి, పాలు విరిగినా కూర మాడినా పసిగట్టలేకపోయేది. 1970ల చివర్లో నాకు ఉదయగిరిలో టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు, వండిపెట్టడానికని నాతో వచ్చింది. నేను బడి నుంచి రాగానే గిన్నె నా ముఖం దగ్గర పెట్టి, "చూడమ్మే, బాగుండాదా?" అనేది.

ఆ ఏడు బడిలో పరీక్షలు జరిగే రోజుల్లో అవ్వ దగ్గర్నుంచే కంపు మొదలైంది. కుళ్లిన మాంసం కంపు. ఇప్పటికీ ఏ గిన్నె మూత తీసినా ముందు నాకు అదే వస్తుంది. ఆమె పక్కన తినలేక, పేపర్లు దిద్దాలని వంక పెట్టి కంచం వాకిట్లోకి తెచ్చుకునేదాన్ని.

చర్చిలో ఆమె కూర్చున్న చాప మీది ఆడవాళ్లు ఒక్కొక్కరే పక్కకు జరిగిపోయారు. ఇంటికొచ్చాక అడిగింది.

"నా కాడ ఏమన్నా కంపు కొడతా ఉండాదా? దాచబాకమ్మే."

"ఏమీ లేదవ్వా. నీకన్నీ అనుమానాలే," అన్నాను, ఊపిరి బిగబట్టి.

ఆమె మనసు కష్టపెట్టకూడదనే అలా అన్నానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. నిజం చెబితే సెలవు పెట్టి ఆస్పత్రికి తిప్పాలి. బస్సులో అందరి ముందూ ఆమె పక్కన కూర్చోవాలి. నాకు సిగ్గేసింది, అంతే. పిల్లలకు ఆరోగ్య పాఠాలు చెప్పే నోటితోనే ఆ మాట అన్నాను.

పది రోజులకు అవ్వ ముఖం వాచింది. తల పగిలిపోతోందనీ, ముక్కులో ఏదో మెదులుతోందనీ పడుకోలేకపోయింది. ఒక ఉదయం ముఖం కడుక్కుంటుంటే నెత్తురుతో పాటు తెల్లటి పురుగొకటి బండ మీద పడి కదిలింది. వెనకాలే ఇంకొకటి.

ఆత్మకూరు ఆస్పత్రిలో డాక్టరు ముక్కులో టర్పెంటైన్ చుక్కలు వేసి, పురుగులు బయటికి రాగానే పట్టకారుతో ఒక్కొక్కటీ లాగాడు. పగలు కునుకు తీస్తున్నప్పుడు ఈగ వాలి గుడ్లు పెట్టి ఉంటుందన్నాడు. అవ్వ బల్ల అంచు పట్టుకుని ఒక్క కేక కూడా వేయలేదు. పురుగులు ఎడమ కంటి దాకా తొలిచాయనీ, ఆ కన్ను ఇక దక్కదనీ చెప్పాడు.

"ఇంత కంపు కొడుతుంటే ఇంట్లో ఒక్కరూ చెప్పలేదా?" అని ఆయన నా వైపు కోపంగా చూశాడు.

ముక్కునిండా దూదితో అవ్వే బదులు చెప్పింది. "మా పిల్ల చెప్పతానే ఉండాది సార్. ఆస్పత్రికి పోదామని పోరు పెట్టినాది. నేనే వినలేదు."

డాక్టరు నమ్మేశాడు. ముసలివాళ్లతో ఇంతేనమ్మా, నువ్వు మాత్రం ఏం చేస్తావు అని నన్నే ఓదార్చాడు. నేను తల ఊపాను.