ఎక్కడిదమ్మ పెట్టిన పరీక్ష

కాలేజీ లైబ్రేరియన్ ఎడమ కనుబొమ మీద ఐదు కుట్ల మచ్చ ఉంది. పన్నెండేళ్ల కిందట చివరి సంవత్సరం కుర్రాడొకడు నాలుగు వందల పేజీల బైండు పుస్తకం రెండు చేతులా ఎత్తి ఆమె ముఖాన కొట్టాడు. అతని ప్రాజెక్టు రిపోర్టులో ఏ పేరా ఏ పుస్తకంలోంచి ఎత్తుకొచ్చాడో పేజీ నంబరుతో సహా పెన్సిలుతో అంచుల్లో రాసి తిరిగిచ్చింది. నలభై మూడు చోట్ల రాసింది. అదీ ఆమె చేసిన నేరం. నెత్తురు కారుతున్న కంటిని రుమాలుతో అదిమి పట్టుకుని, "ఇరవై ఏడో పేజీ ఒక్కటే నీ సొంతం. అందులోనూ రెండు తప్పులున్నాయి" అంది. మర్నాడు పదింటికల్లా కట్టుతో వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఆ దెబ్బకు పుస్తకం వెన్ను కూడా విరిగింది. దాన్ని మళ్లీ కుట్టిన బైండరు, "అమ్మాయ్, నీ కుట్ల కంటే నా కుట్లే గట్టివి. ఈసారి ఎవడైనా కొడితే పుస్తకానికి ఢోకా లేదు" అన్నాడు. ఆమె నవ్వబోయింది. కనుబొమ లాగేసింది.

బైండరు అరవై దాటిన మనిషి. ఒక కంట్లో పువ్వు. వారానికి రెండు రోజులు వచ్చి, బీరువాల వెనక కిటికీ దగ్గర కూర్చుని చిరిగిన పుస్తకాలు కుట్టేవాడు. భార్య పోయాక కాలేజీ వెనక వీధిలో ఒక్క గదిలో ఉంటున్నాడు. ఆమె అతన్ని బాబాయ్ అనేది. చుట్టరికం ఏమీ లేదు. ఇరవై ఏళ్లు ఒకే గదిలో దుమ్ము పీల్చారు, అంతే.

విద్యార్థులు ఆమెకు పెట్టిన పేరు ఎక్కడిదమ్మ. ఎవరే మాట చెప్పినా ముందు "ఎక్కడిది?" అంటుంది. పుస్తకంలో ఉందంటే ఎవరు రాశారు, ఏ సంవత్సరంలో, వాళ్లకెలా తెలుసు అని చెవిలో జోరీగలా తగులుకుంటుంది. ఆమె భర్త కోర్టులో టైపిస్టు. "పెళ్లికి ముందు నా వయసెంతో మా బడికెళ్లి రిజిస్టరు చూసొచ్చిన మనిషి" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. "మరి మీరు చెప్పింది రెండేళ్లు తక్కువేగా" అని ఆమె వంటింట్లోంచి అనేది.

కొత్తగా చేరినవాళ్లకు ఏటా ఆమె ఆరు క్లాసులు చెప్పేది. మొదటి క్లాసు చివర తలా ఒక కాగితం పంచేది. అచ్చు వార్తాపత్రిక ముక్కలా ఉంటుంది. శీర్షిక, ఫోటో, వార్త. "ఇందులో ఎంత నిజముందో వారంలో తేల్చుకురండి. ఒక్క చోటు చూసి నమ్మొద్దు, రెండో చోట కూడా చూడండి" అని పంపేది. వార్త మొత్తం ఆమె అల్లిందే. ఆ సంగతి కాగితం వెనక వైపు కింద రాసి ఉండేది: ఇందులోని ప్రతి మాటా లైబ్రరీలో పుట్టినది. వందమందిలో కాగితం తిప్పి చూసేవాళ్లు నలుగురైదుగురు. రెండు చోట్ల కనబడ్డంత మాత్రాన రెండు ఆధారాలు కావని, ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసి ఉండొచ్చని రెండో క్లాసులో చెప్పేది.

ఆ ఏడు ఆమె పిల్లల దొంగ వార్త అల్లింది. బడుల దగ్గర తిరుగుతూ ఇద్దరు పిల్లల్ని మాయం చేసిన ముసలివాడు. ఫోటో కావాల్సి వచ్చింది. వేరేవాళ్లదైతే గొడవవుతుందని బైండరును అడిగింది.

"పెళ్లినాటి తర్వాత నన్నెవరూ ఫోటో తీయలేదు అమ్మాయ్" అని బైండరు తల దువ్వుకున్నాడు. "దొంగనైతే అయ్యాను గానీ బాగా రావాలి."

"పూవేసిన కన్ను ఇటు తిప్పు బాబాయ్. దొంగకు కాస్త కళ ఉండాలి."

ఫోటో తీసి పెట్టిన అటెండరు ఆ కాగితం చూసి, "మేడమ్, ఇది ఉత్తిదని ముందు వైపే ఒక మూల వేద్దామా? మనిషి మన వీధిలోనే ఉంటాడు" అంది.

"జవాబు నువ్వే చెప్పేస్తే వాళ్లు వెతకడమెందుకు?"

మేడమ్ దగ్గర వాదించి గెలిచినవాళ్లు లేరు.

మంగళవారం కాగితాలు పంచింది. బుధవారం ఎవరో ముందు వైపు ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు పంపారు. వాళ్లు పక్కింటివాళ్లకు పంపారు. గురువారం పొద్దుటికి దానికి చిలవలు పలవలు వచ్చాయి. ఇద్దరు పిల్లలు ఐదుగురయ్యారు, వీధి పేరు చేరింది, పోలీసులు నోరు మూసుకుని కూర్చున్నారనే మాట చేరింది. రెండో క్లాసు మరుసటి మంగళవారానికి ఉంది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి అటెండరు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్, బాబాయిని చంపేస్తున్నారు!"

ఆమె "ఎక్కడ?" అనలేదు. కేకలు కిటికీలోంచి వినిపిస్తున్నాయి. బల్ల మీద మిగిలిన కాగితాల కట్ట లాక్కుని మెట్లు దిగింది.

టీకొట్టు ముందు నలభై మంది ఉన్నారు. బైండరు నేల మీద ముడుచుకుని పడి ఉన్నాడు. ఒకడు బెల్టు బకిల్‌తో కొడుతున్నాడు. ఇంకొకడు చెక్క బల్ల కాలు ఊడదీసి తెచ్చాడు. బైండరు తల కాపాడుకోవడానికి కుడిచెయ్యి పైకెత్తాడు. బల్ల కాలు ఆ చేతి మీద పడింది. ఎండుపుల్లలు విరిగినట్టు చప్పుడైంది. ఎత్తిన చెయ్యి దిగలేదు, మళ్లీ దాని మీదే కొట్టారు. అతను అరవడం అప్పటికే మానేశాడు. ప్రతి దెబ్బకూ ముక్కులోంచి గాలి మాత్రం వస్తోంది. రోడ్డు మీద పళ్లు రెండు, జిగురు డబ్బా ఒకటి.

"ఆగండి! ఇది నేను రాసిన కాగితం! వెనక చూడండి, వెనక రాసి ఉంది!"

ఒకడు ఆమె చేతిలో కట్ట లాక్కుని గాల్లోకి విసిరాడు. ఎవరి మోచెయ్యో నోటికి తగిలింది. పెదవి చిట్లింది. కాగితాలు నెత్తుటి మీద పడ్డాయి, ఫోటో ఉన్న వైపు పైకి. వాటిని చూసి వెనక ఉన్నవాళ్లకు ఇంకా ఊపొచ్చింది.

గుంపులో ఆమె క్లాసు కుర్రాడు కనిపించాడు. ముందు బెంచీలో కూర్చుని ప్రతి ముక్కా రాసుకున్నవాడు. బైండరు పక్కటెముకల్లో బూటుతో తన్నుతున్నాడు. ఆమె అతని చొక్కా పట్టుకుంది.

"ఒరేయ్, నా క్లాసులో కూర్చున్నావు కదరా!"

అతని కళ్లలో నీళ్లున్నాయి, కోపంతో. "చూశాను మేడమ్! మీ కాగితంలో ఉంది, మా అత్త ఫోన్లో కూడా ఉంది. రెండు చోట్లా ఉంది!"

చొక్కా ఆమె చేతిలో చిరిగింది. అతను వెనక్కి తిరిగి ఇంకో తన్ను తన్నాడు.

ఎవడో సిమెంటు ఇటుక తెచ్చాడు. దాన్ని తల మీదుగా ఎత్తడం ఆమె చూసింది. కాగితం, క్లాసు, ఆధారం, ఇంక వేటికీ టైము లేదు. ఇరవై ఏళ్లలో ఏ రుజువూ లేని మాట ఒక్కటీ అనని మనిషి, చిట్లిన నోటితో గొంతు చించుకుని అరిచింది:

"ముట్టుకోకండి! వాడి రక్తంలో రోగముంది! అంటితే పోతారు!"

ఇటుక ఎత్తినవాడు ఆగిపోయాడు. తన చేతులు చూసుకున్నాడు. బెల్టువాడు బెల్టు పారేశాడు. ముందు వరస వెనక్కి జరిగింది, వెనక వరసను తొక్కుకుంటూ. ఒకడు టీకొట్టు కుండలోని నీళ్లన్నీ మోచేతుల దాకా పోసుకున్నాడు. ఆ కుర్రాడు బూటు మీది మరక చూసి వాంతి చేసుకున్నాడు. రెండు నిమిషాల్లో వీధి ఖాళీ అయింది. నలభై మందిలో ఒక్కడు కూడా ఎక్కడిది అని అడగలేదు.

బైండరు బతికాడు. నాలుగు పక్కటెముకలు, దవడ, కుడిచేతి మూడు వేళ్లు విరిగాయి. వేళ్లలో రెండు ఇక వంగవని డాక్టరు చెప్పాడు. ఆసుపత్రికి అతనికంటే ముందు ఆమె మాట చేరింది. వార్డులో మంచమివ్వలేదు. మందుల గది పక్కన నడవాలో పడుకోబెట్టి, స్ట్రెచరు చుట్టూ పసుపు టేపు కట్టారు. చేతికి కట్టు కట్టిన నర్సు రెండు జతల గ్లౌజులు వేసుకుంది.

ప్రిన్సిపాల్ ఆసుపత్రికొచ్చి ఆమెను పక్కకు పిలిచాడు. "ఆ కాగితం ఎక్కడిదో పోలీసులకింకా తెలీదు. కాలేజీ పేరు బయటికి రానవసరం లేదు. మీరు కొన్నాళ్లు మౌనంగా ఉంటే చాలమ్మా."

"నేను రాశాను సార్. అటెండరు వద్దంది. అయినా రాశాను."

వాంగ్మూలం ఇంట్లో రాసింది, భర్త టైపు చేశాడు. అటెండరు మాట వచ్చిన చోట అతని వేళ్లు ఆగాయి.

"ఏమోయ్, ఈ ముక్క అవసరమా? దీంతో నీ మెడకు నువ్వే ఉరి బిగించుకుంటున్నావు."

"కొట్టండి."

"రోగం సంగతి?"

"అదీ కొట్టండి. రెండూ నేను పుట్టించినవే."

అతను కొట్టాడు. ఆమెను ఉద్యోగం నుంచి సస్పెండు చేశారు. ఏడుగురిని అరెస్టు చేశారు, వాళ్లలో ఆ కుర్రాడున్నాడు.

మొదటి అబద్ధం వారంలో చచ్చిపోయింది. పోలీసులు చెప్పారు, పత్రికలు రాశాయి. ఎవరి పిల్లలూ పోలేదు గనక జనం సిగ్గుపడి మర్చిపోయారు. రెండో అబద్ధాన్ని చంపడం ఎవరివల్లా కాలేదు. బైండరు గదికి తిరిగొచ్చేసరికి ఇంటి యజమానులు అతని సామాను గుమ్మం బయట పెట్టి, చీపురుతో తాకీ తాకనట్టు నెట్టి ఉంచారు. టీకొట్టామె అతను తాగిన గ్లాసు అతని కళ్లముందే రాయికేసి కొట్టింది. ఎదురింటి మేడ మీంచి ఎవరో రాయి విసిరారు, వీపుకు తగిలింది. ఈసారి దగ్గరికి రాలేదు, దూరం నుంచే విసిరారు.

లైబ్రేరియన్ ఊరి చివర ఒక గది చూసిపెట్టింది. రక్తపరీక్ష చేయించి, ఏ రోగమూ లేదని ఆసుపత్రి ముద్రతో కాగితం తీసుకుని, వెనకా ముందూ చదివి, ఊళ్లోని తక్కిన లైబ్రరీలకు బయల్దేరింది. బైండింగు పని ఇప్పించమని. ఎడమచేత్తో అతను చేయగలిగినంత చేస్తాడు, మిగతాది తను పట్టుకుంటుంది.

మొదటి లైబ్రరీలో ఆమెతో కలిసి చదువుకున్నవాడే లైబ్రేరియన్. అక్కడి విద్యార్థులకు అవే క్లాసులు చెబుతాడు. కాగితం శ్రద్ధగా చదివాడు. తేదీ చూశాడు, ముద్ర చూశాడు, డాక్టరు సంతకం చూశాడు. తర్వాత చేతులు బల్ల కింద తుడుచుకున్నాడు.

"అక్కా, నువ్వు తెచ్చావంటే నిజమే అయుంటుంది. కానీ పుస్తకాలు పదిమంది ముట్టుకునేవి. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా."

"ఆ పొగ నేను పెట్టానురా. నా నోటితో పెట్టాను. చెబుతున్నాగా."

"నువ్వు పెట్టావు సరే. ఎవరూ చెప్పకుండానే నీకు తట్టిందా ఆ మాట?"

ఆమె కొట్టింది. అరచెయ్యి చాచి, బల్ల మీదుగా, అతని కళ్లద్దాలు బీరువా దాకా ఎగిరేలా. రీడింగు హాల్లో తలలన్నీ లేచాయి. అతని చెంప మీద నాలుగు వేళ్లూ అచ్చు పడ్డాయి. ఇంకోటి కొట్టబోతే ఇద్దరు వచ్చి చేతులు విరిచి పట్టుకున్నారు. గుమ్మం దాకా ఈడ్చుకెళ్లి వదిలారు. ఆ కబురు సాయంత్రానికి మిగిలిన లైబ్రరీలకు చేరింది. వాళ్లు గేటు దగ్గరే వద్దన్నారు.

గదిలో బైండరు గోడకానుకుని కూర్చున్నాడు. దవడ తీగలతో కట్టి ఉంది, మాట పళ్ల సందుల్లోంచి వస్తోంది.

"ఇచ్చారా?"

"ఇవ్వలేదు బాబాయ్."

"ఎవరూ?"

"ఎవరూ."

"ఆ ఇటుక పడనివ్వాల్సింది అమ్మాయ్" అన్నాడు అతను. మర్నాడు తన ఇంట్లోంచి రెండు సంచుల పుస్తకాలు మోసుకొచ్చి అతని ముందు కుమ్మరించింది. వాటిలో సగం బాగానే ఉన్నాయి. ఆమె వాటి వెన్నులు పట్టుకుని, అతను చూస్తుండగా, ఒక్కొక్కటీ విరిచింది.

"పిచ్చెక్కిందా?"

"చిరిగాయి. కుట్టాలి."

"కుట్టేదెవరు? ఈ చెయ్యా?" అని కట్టు కట్టిన చేతిని నేలకేసి కొట్టబోయాడు. ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. ఇద్దరూ కాసేపు పెనుగులాడారు, ముసలివాడూ ముసలితనానికి దగ్గర పడుతున్నదీ, ఊపిరి ఎగబోస్తూ. మొదట అతనే వదిలేశాడు.

"సూది అక్కడుంది" అన్నాడు. "దారానికి మైనం పట్టించు. అలా కాదు, బొటనవేలికింద నొక్కి లాగు."

ఆమెకు చేతకాలేదు. నాలుగో కుట్టుకే సూది వేలిలోకి దిగింది. నెత్తురు తెల్లటి అంచు మీద చుక్కగా పడి పాకింది. ఆమె వేలు నోట్లో పెట్టుకుంది. బైండరు గోడ మీదికి వెనక్కి జరిగి, కట్టిన దవడతోనే ఏదో చప్పుడు చేశాడు. నొప్పి అనుకుంది. నవ్వుతున్నాడు.

"దూరంగా కూర్చో అమ్మాయ్. నీ రోగం నాకంటుకుంటుంది."

ఆమెకు నవ్వు రాలేదు. దారం పట్టుకుని కూర్చుంది.

"కానియ్" అన్నాడు. "లాగు. ఇంకా గట్టిగా. తెగితే నాది పూచీ."