నుదుటి మీద నీలం

నవ్వితే ఇక్కడితో ఆపేస్తాను. ఇందులో ఒక్క ముక్క కల్పించినా నా కళ్ళు పోవాలి!

మంగళగిరిలో చేనేత గుడ్డ మీద నీలం ఫొటోలు అచ్చు వేయడం నా పని. పాత పద్ధతే. గుడ్డకు మందు పూసి, చీకట్లో ఆరబెట్టి, మీద నెగటివ్ పరిచి ఎండలో పెట్టాలి. ఎండ తగిలినచోట మందు నీలమవుతుంది, తగలనిచోట నీళ్ళలో కరిగిపోతుంది. ఇప్పుడు నెగటివ్‌ని ప్రింటర్‌లో ప్లాస్టిక్ షీటు మీద తీస్తున్నాను. ఎండకు బదులు యూవీ లైటు. అందుకే రాత్రిళ్ళు కూడా పని నడుస్తుంది. "ఎండ చేసే పని చీకట్లో చేస్తావేంటే, అరిష్టం!" అని మా అత్తయ్య గొణుగుతూనే ఉంటుంది.

ఆ సాయంత్రం నా స్నేహితురాలు సుజాత వచ్చింది. తెల్లవారితే వాళ్ళమ్మ పెద్దకర్మ. భర్త పోయాక తీయించుకున్న ఫొటో ఒక్కటే ఉంది. బోసి నుదురు.

"దీని మీద వెయ్యవే. అమ్మ నేసిన గుడ్డ. ఇదొక్కటే మిగిలింది, జాగ్రత్త," అంది ఏడుస్తూ.

రాత్రి... ముందు వేరే గుడ్డ పీలిక మీద వేసి చూశాను. చక్కగా వచ్చింది. హమ్మయ్య అనుకుని అసలు గుడ్డ పెట్టాను. లైటు జుయ్‌మంటోంది... ఇంతలో గాజుల చప్పుడు. ఒక్కసారే. అత్తయ్య లేచిందేమోనని వెళ్ళి చూశాను. గుర్రు పెట్టి నిద్రపోతోంది.

గుడ్డ తీసి నీళ్ళ టబ్బులో ముంచాను. మందు పసుపు కరిగిపోతోంది... జుట్టు వచ్చింది... కళ్ళు వచ్చాయి... నుదురు... నుదుటి మధ్యలో... గుండ్రంగా...

బొట్టు.

మరకేమోనని రుద్దాను. రుద్దినకొద్దీ నీలం ముదిరింది. నెగటివ్‌ని లైటుకు ఎదురుగా పట్టి చూశాను. లైటు దూరే చిల్లు ఎక్కడా లేదు. ఉంటే పీలిక మీద కూడా పడాలి కదా! భర్త పోయిన మనిషికి బొట్టేంటని చుట్టాలు బుగ్గలు నొక్కుకుంటే సుజాత ఏమైపోవాలి? ఇంకో గుడ్డ ఎక్కడినుంచి తేను?

తెల్లవారగానే సుజాత వచ్చింది. గుడ్డ చేతికిచ్చాను. "తిట్టవే... ఎలా పడిందో నాకు తెలీదు."

తిట్టలేదు. ఆ బొట్టును వేలితో తడిమింది.

"నీకెవరు చెప్పారే?"

"ఏంటి?"

"రాత్రి తలుపులేసుకున్నాక అమ్మ అద్దం ముందు కూర్చుని బొట్టు పెట్టుకునేది. తెల్లారేలోపు తుడిచేసేది. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది."

పెద్దకర్మలో సుజాత ఆ గుడ్డనే అందరి ముందు గోడకు కట్టింది. మందు ఒక చుక్క ఎక్కువ పడిందేమో... ఏమో. కానీ ఆ గాజులు? బొట్టుతోపాటు గాజులు కూడా వేసుకునేదా అని సుజాతను నేనింతవరకూ అడగలేదు. అడగాలంటే భయం.