బెల్లం కారెక్కిన జాతర

మొన్న ఆదివారం ఉదయం మా మనుమరాలు వచ్చి, రెండు గేరుబాక్సుల వివరాలు నా బల్లమీద పరచి, వీటిలో ఏది కొనాలో తేల్చమన్నది. తన పాత కారును వారమంతా ఆఫీసుకు నడుపుతుంది, వీలైనప్పుడు మద్రాసు దగ్గరి రేసు ట్రాక్‌కు తీసుకుపోతుంది. రెండింటికీ సరిపడే ఆటోమేటిక్ కావాలి. ఒకటి రెండు క్లచ్చులతో కన్ను మూసి తెరిచే లోపల గేరు మార్చేది. మరొకటి ఇంజను శక్తిని నూనె ద్వారా చక్రాలకు అందించే పాత పద్ధతిదే, ట్రాక్ కోసం గట్టిపరచినది, కాస్త నెమ్మదైనది. అంకె లేని మాటను నేను నమ్మనని తెలుసు గనుక వేగం లెక్కలే ముందు చూపింది. నేను మాత్రం బరువెంత, ఆ బరువుతో ఎండలో పాకుతున్నప్పుడు నూనె వేడెంత అని అడిగాను.

"తోలేది నేనొక్కదాన్నే కదా తాతా, ఇంకేం బరువుంటది?" అని నవ్వింది.

సరిగ్గా అదే ధీమా ఒకప్పుడు మా అన్నయ్యది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మేము మట్టెవాడలో ఉన్నప్పుడు, అన్నయ్య హైదరాబాదు నుండి క్లచ్చు లేని పాత విదేశీ కారొకటి తెచ్చాడు. ఎడమకాలికి పింఛనిచ్చిండని వీధిలో ఎగతాళి చేసేవారు. ఆ ఏడాదే చెల్లెకు విషజ్వరం వచ్చి తగ్గింది. బతికితే మేడారం సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అంటే మనిషి తూగినంత ఎత్తు బెల్లం, ఇస్తానని నాయనమ్మ మొక్కుకున్నది; జాతర ముగిసి తల్లులు వనానికి మళ్లేలోగా అది వారు కొలువైన గద్దెకు చేరాలి. చెల్లెతో పాటు నాయనమ్మ, వదినె కూడా తమ మొక్కులకు బెల్లంతో తూగారు. టిఫిను గిన్నెను సైతం అనవసరపు బరువని దింపించిన అన్నయ్య, ఐదుగురికే లెక్క కట్టి బయలుదేరాడు. డిక్కీలో మరో ముగ్గురు మనుషుల బరువున్నదని మాలో ఎవరికీ తోచలేదు, ఎందుకంటే మా ఇంట మొక్కును బరువు అనరు.

ములుగు దాటి అడవిలో, ఎడ్లబండ్ల వెనుక ఎత్తుదారిలో పాకీ పాకీ, కారు కాలిన వాసన కొట్టింది. ఇంజను అరుస్తున్నది గాని చక్రం కదలదు. నూనె కాగిపోయింది. అన్నయ్య దిగి బానెట్టు ఎత్తి చూశాడు. బెల్లం కొంత దింపి, మళ్లీ వచ్చి తీసుకుపోదామన్నాడు.

"మొక్కును నడిమిట్ల దింపుతరారా?" అన్నది నాయనమ్మ, తలుపు తీసుకుంటూ. "కాళ్లున్నోళ్లం మనం దిగుదాం. బెల్లానికి కాళ్లున్నయా?"

చెట్టు నీడన కారు చల్లారేదాకా కూర్చున్నాము. తరువాత అన్నయ్య ఒక్కడు స్టీరింగు పట్టగా, బెల్లం దర్జాగా కారులో పోతుంటే, మిగిలిన మేమంతా దాని వెంట నడిచాము. "ఏందే పెద్దమ్మా, బెల్లం షికారు పోతాందా?" అని ఒక బండితను కేకేశాడు. "అవు బిడ్డా, మేం దాని పాలేర్లం!" అన్నది నాయనమ్మ. చెల్లె ఎత్తు బెల్లం గద్దెకు చేరేసరికి తల్లులింకా అక్కడే ఉన్నారు. నాయనమ్మ మాత్రం చాలాసేపు చెల్లె చేయి వదలలేదు.

ఇదంతా విని మనుమరాలు నెమ్మదైన గేరుబాక్సునే ఎంచుకున్నది, నూనె చల్లార్చే రేడియేటరు వేరుగా పెట్టించాలన్న నా షరతుతో. ట్రాక్‌లో ఒక్కతే అయినా, ఊళ్లో తన కారెప్పుడూ నిండుగానే ఉంటుందని తానే ఒప్పుకున్నది.

ఇక ఆమె కారులో నూనె వేడి అద్దం కింద అంకెగా వెలుగుతుంది. మేడారం దారి వెడల్పయింది, ఎత్తులు తగ్గాయి, దిగి నడవవలసిన అవసరం ఎవరికీ రాదు. అది మంచిదే. అయితే జీవితమంతా కొలతలతో గడిపిన నేను, ఆనాడు ఎన్ని మైళ్లు నడిచామో మాత్రం చెప్పలేను. చెల్లె నా పక్కన తన కాళ్లమీద తాను నడుస్తున్నది. మైలురాళ్లు లెక్కపెట్టాలని తోచలేదు.